‘వర్తించదు’ అని రాసిన చేయి

కొత్తగా లెక్చరర్ ఉద్యోగంలో చేరి, ఎర్రపెన్ను జేబులో పెట్టుకుని మొదటిసారి పేపర్లు దిద్దడానికి బయల్దేరే పిల్లలు ఎవరైనా చదువుతారేమోనని ఇది రాస్తున్నాను. మిగతావాళ్ళు చదివినా నష్టమేమీ లేదు. నేను తత్వశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ ముఖంలో ఒక రకమైన జాలి కనిపిస్తుంది. నాకది అలవాటైపోయింది. అరసవల్లిలో మా ఇంటి ఎదుట లాడ్జి నడిపే ఆయన ఇప్పటికీ నన్ను చెయ్యి చూసి భవిష్యత్తు చెప్పమంటాడు.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ పిల్లలు నాకు పెట్టిన పేరు పరధ్యానం మేస్టారు. అందులో అబద్ధం లేదు. పాఠం మధ్యలో కిటికీ వైపు చూశానంటే మళ్ళీ తరగతిలోకి రావడానికి కొంతసేపు పట్టేది. బయట వేపచెట్టు ఆకుల మధ్య వెలుగు కదులుతుంటే, ఈ వెలుగు నేను చూడకపోతే ఉంటుందా అని ఆలోచిస్తూ నిలబడిపోయేవాణ్ణి. పిల్లలు మర్యాదస్తులు. నేను తిరిగొచ్చేదాకా ఊరుకునేవాళ్ళు, లేకపోతే మెల్లగా వెనక గుమ్మంలోంచి జారుకునేవాళ్ళు.

నన్ను నేలమీదికి లాగే పని ఒక మిత్రుడు తీసుకున్నాడు. ఆయన రాజనీతిశాస్త్రం లెక్చరర్. గజపతినగరం మనిషి. మాకు చుట్టరికం ఏమీ లేదు గానీ ఒకరినొకరం బావా అనుకునేవాళ్ళం. ఇరవై ఏళ్ళు స్టాఫ్ రూములో ఒకే బల్ల దగ్గర క్యారియర్లు విప్పుకున్నాం. ఆ ఇరవై ఏళ్ళూ ఒకే గొడవ పడ్డాం.

ఆయన వాదన ఇదీ. ఏది నిజం, ఏది శాశ్వతం, కనిపించేదాని వెనక ఏముంది అని మీవాళ్ళు వేల ఏళ్ళుగా కళ్ళు మూసుకుని కూర్చున్నారు. అందుకే కనిపించేదాన్ని చేతిలో పట్టుకుని ఏలేవాడి పని సులువైపోయింది. నేనేమో, కనిపించేదే సమస్తం అనుకుంటే ఇది ఇలా ఉండకూడదు అని చెప్పడానికి మనిషికి నిలబడే చోటెక్కడిది బావా అనేవాణ్ణి. ఆయన నా క్యారియర్లోంచి వంకాయకూర వడ్డించుకుంటూ, నిలబడే చోటు సంగతి తర్వాత, ముందు కూర్చున్న చోటెవరిదో కనుక్కో అనేవాడు. గంట కొట్టేవారు. మర్నాడు మళ్ళీ అక్కణ్ణించే మొదలు.

ఈ గొడవ నాకు ఒక పాఠంగా మారి వచ్చింది. దూరవిద్యలో డిగ్రీ చదివేవాళ్ళకి ఆఖరి సంవత్సరంలో సమకాలీన ఆలోచనల మీద ఒక పేపరు ఉండేది. అందులో క్రిటికల్ థియరీ మీద పాఠం రాయమని నన్నడిగారు. పోయిన శతాబ్దంలో యూరప్‌లో దేశాలు తగలబడుతుంటే ప్రాణాలు అరచేత పట్టుకుని పారిపోయిన కొందరు పండితుల ఆలోచన అది. శాశ్వత సత్యాల పేరు చెప్పి ఉన్న ఏర్పాటునే ఎలా నిలబెడతారో వాళ్ళు చూపించారు. అయినా ఆ పాత తత్వచింతనని చెత్తబుట్టలో పారెయ్యలేదు. ఉన్నదానికంటే వేరేది ఉండవచ్చుననే ఆశ అందులోనే దాగి ఉందన్నారు. ఇంకొక మాట కూడా అన్నారు. మనం ఒక వస్తువుకి పేరు పెట్టి, గడిలో వేసి, ఇక తెలిసిపోయింది అనుకుంటాం. ఆ గడిలో ఇమడకుండా ఎప్పుడూ కొంత మిగిలిపోతుంది. అన్యాయం జరిగేది ఆ మిగిలినదానికే.

ఒక వేసవంతా డాబా మీద కూర్చుని ఆ పాఠం రాశాను. పొద్దున ఎండ మెల్లగా గోడ దిగి కాగితాల మీదికి వచ్చేది, నేను చాప జరుపుకునేవాణ్ణి. జీవితంలో నేను మనసు పెట్టి రాసింది అదొక్కటే. నా మిత్రుడు చదివి, బాగానే ఉందిగానీ ఇందులో ఒక్క మనిషైనా లేడేటి బావా అన్నాడు. నవ్వి ఊరుకున్నాను.

దూరవిద్య వాళ్ళకి ఆదివారాలు తరగతులు జరిగేవి. వచ్చేది పదిమందో పన్నెండుమందో. ఒక కానిస్టేబులు, ఇద్దరు బ్యాంకు అటెండర్లు, ఒక చర్చి పాస్టరు గారి కొడుకు, ఇలా. వాళ్ళలో ఒక అంగన్‌వాడీ కార్యకర్త ఉండేది. ముప్పై దాటి ఉంటాయి. కొండల దగ్గర జలాశయం కట్టినప్పుడు మునిగిన ఊళ్ళలో ఆవిడది ఒకటి. ఊరివాళ్ళని తీసుకొచ్చి రోడ్డు పక్క కాలనీలో పెట్టారు. రెండు బస్సులు మారి వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, నేను చెప్పిన ప్రతి మాటా రాసుకునేది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ ఆగిపోతే ఆవిడ పెన్ను కూడా ఆగేది.

ఒకరోజు తరగతి అయ్యాక నా దగ్గరకొచ్చింది.

“సార్, మా నాన్న తత్వాలు పాడీవోడు. ఎవులు సచ్చిపోయినా రేత్రంతా పాడమని పిలిసీవోరు. ఆ సదువేననుకుని ఈ గ్రూపు తీసుకున్నాను. ఇదేటి సార్, ఇదంతా వేరేగున్నాది?”

వేరేగా ఏమీ లేదన్నాను. పరీక్షలో పుస్తకం అప్పజెప్పొద్దని, తనకి తెలిసింది, తన ఊళ్ళో చూసింది రాయమని చెప్పాను. చాలా గొప్పగా చెప్పాను. అలాంటివి చెప్పేటప్పుడు నా గొంతు నాకే బాగుండేది. ఆవిడ ఆ మాట కూడా నోటుపుస్తకంలో రాసుకుంది. సూపర్‌వైజరు పోస్టుల జాబితా ఆ ఏడాది వానాకాలంలో తయారవుతుందని, డిగ్రీ ఉంటేనే పేరు ఎక్కుతుందని, వయసు లెక్కన తనకి అదే ఆఖరి ఏడాదని చెప్పింది. పైగా ఆ సిలబస్‌కి కూడా అదే ఆఖరి పరీక్ష. తప్పితే అన్ని పేపర్లూ మళ్ళీ మొదటినుంచి రాయాలి. వెళ్ళి రమ్మన్నాను, తప్పకుండా పాసవుతావన్నాను.

పరీక్షలయ్యాయి. విజయనగరంలో ఒక కాలేజీలో స్పాట్ వాల్యుయేషన్ పెట్టారు. నా మిత్రుడే క్యాంపు ఆఫీసరు. ఆ పేపరుకి నన్ను చీఫ్ ఎగ్జామినర్‌గా వేశారు, అంటే ఏ జవాబుకి ఎన్ని మార్కులో చెప్పే కీ నేనే రాయాలి. పద్ధతి మీకు తెలియకపోతే చెబుతాను. జవాబుపత్రాల మీద పేర్లుండవు, అంకెలుంటాయి. కట్టలు కట్టలుగా బల్ల మీద పెడతారు. మనం కీ పక్కన పెట్టుకుని పాయింటు ఉందా లేదా చూసి, ఉంటే ఎర్రపెన్నుతో గీత పెట్టి మార్కు వెయ్యాలి. ఒకసారి వేసింది దిద్దితే పక్కనే పొట్టి సంతకం చెయ్యాలి. సంతకం లేని దిద్దుబాటు చెల్లదు.

ఆ ఏడు ఇరవై మార్కుల ప్రశ్న నా పాఠంలోంచే వచ్చింది. క్రిటికల్ థియరీలో తత్వచింతనకూ రాజకీయాలకూ ఉన్న సంబంధాన్ని వివరించండి. కీలో అయిదు పాయింట్లు రాశాను. పాయింటుకి నాలుగు మార్కులు. నాలుగో పాయింటు నాకు బాగా గుర్తు. ఏ వస్తువూ మనం దానికి పెట్టిన గడిలో పూర్తిగా ఇమడదు. అది రాసినవాడికి నాలుగు మార్కులు, రాయనివాడికి సున్నా. అప్పుడు నాకు నవ్వు రాలేదు. ఇప్పుడొస్తోంది.

మే నెల. మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్ద హాలులో ఫ్యాన్లు తిరుగుతున్నాయన్న మాటేగానీ గాలి లేదు. నలభైమంది లెక్చరర్ల ఎర్రపెన్నులు కాగితాల మీద కదిలే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ చప్పుడు వింటుంటే కళ్ళు మూతలు పడతాయి. ఎక్కడో దూరంగా వాన పడుతున్నట్టుంటుంది. అలాంటి వేళ ఒక జవాబు నా ముందుకొచ్చింది. అయిదు పాయింట్లలో ఒక్కటీ లేదు. ఒక ఊరి కథ ఉంది.

వాళ్ళ ఊళ్ళో గ్రామసభ పెట్టారట. వచ్చిన అధికారి మంచి మాటకారి. ఈ లోకంలో ఏదీ శాశ్వతం కాదని, ఇళ్ళ మీదా పొలాల మీదా మమకారమే దుఃఖమని, ఊరు మునిగినా ఆత్మ మునగదని చాలాసేపు చెప్పాడట. అందరూ తలలు వంచుకుని విన్నారు. అప్పుడు ఈ రాసినవాళ్ళ మామ్మ లేచిందట. ఆవిడ అన్న మాట ఆవిడ భాషలోనే రాసి ఉంది.

“బాబూ, ఏదీ శాశ్వతం కాదంటన్నావు. అయితే నీ డేము కూడా శాశ్వతం కాదు గదా. దానికోసం మేమెందుకు శాశ్వతంగా ఎలిపోవాలి?”

అధికారి టీలు తెమ్మన్నాడట. టీలు వచ్చాయి, సభ అయిపోయింది. తర్వాత ఊరంతా సర్వే చేసి జాబితా రాశారు. ఇల్లు, నుయ్యి, పశువులపాక, టేకుచెట్లు, మామిడిచెట్లు, ఒక్కోదానికి ఒక గడి. ఊరి మొదట్లో అమ్మవారి రాయి ఉంది. దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక ‘ఇతరములు’ అని ఉన్నచోట రాసి, దాని ఎదురుగా ‘వర్తించదు’ అని పెట్టారు. జవాబు చివర రెండు వాక్యాలున్నాయి. ‘మా ఊరిలో లెక్కకు ఎక్కినవన్నీ మునిగిపోయినవి. ఎక్కనిది ఇంకా మునగలేదని మా మామ్మ అంటుంది.’

చదివాను. నిద్రమత్తులో చదివాను. కీ వైపు చూశాను. పాయింట్లు లేవు. చేతిరాతకి జాలిపడి రెండు మార్కులు వేసి, మార్జిన్లో ఎర్రపెన్నుతో ‘ప్రశ్నకు వర్తించదు’ అని రాశాను. మొత్తం కూడితే పాసు మార్కుకి ఏడు తక్కువ. మొదటి పేజీ మీద అంకె వేసి, తర్వాతి పేపరు తీసుకున్నాను.

సాయంత్రం శ్రీకాకుళం బస్సెక్కాను. కిటికీ పక్కన చోటు దొరికింది. రణస్థలం దాటాక ఎండ మెత్తబడి పొలాల మీద పచ్చగా పరుచుకుంది. నేనెప్పటిలాగే ఎక్కడికో వెళ్ళిపోయాను. బస్సు నాగావళి వంతెన ఎక్కింది. కింద ఇసుకలో సన్నగా నీటిపాయ, అందులో ఎవరో దుప్పట్లు ఉతుక్కుంటున్నారు. అది చూస్తుంటే నీటి అడుగున ఒక ఊరు కనిపించినట్టయింది. వీధులు, గుమ్మాలు, అరుగుల మీద పిల్లలు, వాళ్ళకి ఎవరో పాట నేర్పుతున్నారు. ఊరి మొదట్లో ఒక రాయి. రాయి మీద ఎర్రసిరాతో ఏదో రాసి ఉంది. ఏమిటా అని చూస్తే నా చేతిరాత.

ఒక్కసారిగా మెలకువ వచ్చింది. ఆ సర్వేవాళ్ళు రాసిన మాటే నేనూ రాశాను. వాళ్ళలా రాశారని ఆ జవాబు నాకు చెబుతుంటే, ఆ కాగితం మార్జిన్లోనే, అదే మాట రాశాను. గడిలో ఇమడనిదానికి అన్యాయం జరుగుతుందని డాబా మీద వేసవంతా కూర్చుని రాసినవాణ్ణి నేను. ఆ వాక్యానికి నాలుగు మార్కులు పెట్టి, ఆ అన్యాయం జరిగిన మనిషికి రెండు వేశాను. ఆ రాసింది వెనక బెంచీలో కూర్చునే ఆవిడేనని కూడా అప్పుడే తెలిసింది. తెలిసింది రాయమని నేనే చెప్పాను గదా. వంతెన దాటేదాకా తల ఎత్తలేకపోయాను. సిగ్గుతో ఒళ్ళు కాలిపోవడం అంటారే, అది ఉత్తమాట కాదు.

మర్నాడు అందరికంటే ముందు క్యాంపుకి చేరాను. నా మిత్రుడు తన గదిలో కట్టలకి లక్కముద్రలు చూసుకుంటున్నాడు. ఆగి ఆగి అంతా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. ఇరవై ఏళ్ళ వాదన ఆయన గెలిచాడు గదా. నవ్వలేదు.

“కట్ట ఇంకా నా గదిలోనే ఉన్నాది,” అన్నాడు. “తీస్తాను. రెండుని తొమ్మిదో పదో సేసి పొట్టి సంతకం పెట్టేయ్. మధ్యాన్నానికి ఎలిపోద్ది.”

చాలా తేలికైన పని. చెయ్యి చాపితే అయిపోతుంది. కానీ ఆ రాసిందెవరో నాకు తెలుసు. తెలిసిన మనిషి పేపరు ఒక్కటే తీసి దిద్దడం నాకు దొంగతనంలా అనిపించింది. పైగా ఆ కీతో అప్పటికి అయిదు కట్టలు దిద్దేశాం, నేనూ మరో నలుగురూ. వాటిలో ఇంకెంతమంది తమకి తెలిసింది రాసి పోయారో. తప్పు ఆవిడ పేపర్లో లేదు, నా కీలో ఉంది. కీ తప్పని రాసిస్తాను, ఆ ప్రశ్న అందరిదీ మళ్ళీ చదివించాలి అన్నాను.

ఆయన చేతిలోని లక్క పక్కన పెట్టాడు. “రాస్తే ఏటవుతాదో తెలుసా బావా? కాయితం పైకెళ్తాది. కమిటీ వేస్తారు. రిజల్టు ఆగిపోద్ది. ఆమె లిస్టు వానాకాలంలో అన్నావు. నీ సత్యం నువ్వు ఉతికి ఆరేసుకునీసరికి ఆమె బస్సు ఎలిపోద్ది.”

మరి మిగతావాళ్ళో అన్నాను.

“మిగతావోళ్ళు ఎవులో నీకు తెలీదు. ఈమె తెలుసు. తెలిసిన మనిషికి సెయ్యగలిగింది సెయ్యి. అందరికీ ఒకేపాలి న్యాయం సేసీడానికి నువ్వేటి సూర్యనారాయణమూర్తివా?”

నేను కాగితం అడిగి ఉత్తరం రాశాను. ఆయన తీసుకుని, ముద్ర వేసి ఫైల్లో పెట్టాడు. ఆ పూట క్యారియర్లు విప్పినప్పుడు ఆయన నా కూర ముట్టుకోలేదు.

ఆయన చెప్పినట్టే జరిగింది. నాకు మెమో వచ్చింది, సంజాయిషీ రాశాను. ఆ తర్వాత నన్నెప్పుడూ స్పాట్‌కి పిలవలేదు. తోటివాళ్ళు కొందరు ఎదుటపడితే పలకరించడం తగ్గించారు, వాళ్ళ డ్యూటీలు పెరిగాయి మరి. కొత్త కీ రాసిమ్మని నన్నే అడిగారు. దానికోసం రెండు రోజులు శ్రీముఖలింగంలో మా అక్క ఇంట్లో కూర్చున్నాను. మధ్యాహ్నాలు గుడి మండపంలో పడుకునేవాణ్ణి. చల్లటి రాతి మీద వీపు ఆనించి, గోడల మీద బొమ్మలు చూస్తూ, వంశధార మీంచి వచ్చే గాలికి కళ్ళు మూస్తూ తెరుస్తూ. ఇప్పచెట్టులో దేవుడు కనిపించాడని అక్కడి కథ. చెట్టుని చెట్టుగా రాసుకుని ఊరుకుంటే ఆ గుడి ఉండేది కాదని అనిపించింది.

ఎంత ఆలోచించినా పాత అయిదు పాయింట్లకి ఒక్కటే చేర్చగలిగాను. ‘విద్యార్థి మనకు తెలియనిది చెబితే, ఆ జవాబును రెండోసారి చదవాలి.’ దాన్ని పంపాను. అది నాలుగు ఆఫీసులు తిరిగి, టైపై, దిద్దేవాళ్ళ చేతికి వెళ్ళేసరికి ఇలా అయిందట. ‘6. తెలియనిది చెప్పినచో – 4 మార్కులు.’ నా మిత్రుడు ఆ కాగితం చూపించినప్పుడు ఇద్దరం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాం. క్యాంపు రోజు తర్వాత మేం మళ్ళీ మాట్లాడుకున్నది అప్పుడే.

మళ్ళీ చదివించాక తొమ్మిదిమంది పాసయ్యారు. అందులో ఆవిడ ఉంది. ఫలితాలు మాత్రం మూడు నెలలు ఆలస్యమయ్యాయి. అప్పటికి సూపర్‌వైజర్ల జాబితా మూసేశారు.

నేను చేసింది సత్యం కోసమా, నా చేతులు శుభ్రంగా ఉండాలన్న ముచ్చట కోసమా, ఇప్పటికీ నాకు తెలియదు. నా మిత్రుడి మాట విని ఉంటే ఆవిడ ఈపాటికి సూపర్‌వైజరు. మిగతా ఎనిమిదిమంది తప్పి ఉండేవాళ్ళు. ఆ ఎనిమిదిమంది ముఖాలు నేనెప్పుడూ చూడలేదు. ఆవిడ ముఖం మాత్రం తరచు కళ్ళముందుకొస్తుంది. మీరైతే ఏం చేసేవాళ్ళో ఇప్పుడే ఆలోచించి పెట్టుకోండి, ఆ వేళకి ఆలోచించే వ్యవధి ఉండదు.

నేను రిటైరైన మరుసటి వేసవిలో ఆవిడ ఫోను చేసింది. అమ్మవారి సంబరం, రమ్మంది. రాయిని కాలనీకి తెచ్చుకున్నారట. కానీ ఏటా ఎండలకి జలాశయం వెనక్కి తగ్గి పాత ఊరు బయటపడగానే, ఆడవాళ్ళు అక్కడి ఖాళీ గద్దెకి పసుపు రాసి వస్తారట. ఎందుకమ్మా అంటే, “రాయిని తెచ్చుకున్నాం గాని సోటుని తెచ్చుకోలేకపోనాం సార్,” అంది. అన్నేళ్ళ నా పాఠాల్లో అంత సూటిగా ఒక్క మాటైనా చెప్పలేదు నేను.

కాలనీ నుంచి రెండు ఆటోల్లో వెళ్ళాం. నీళ్ళు ఎక్కడో దూరంగా తళతళలాడుతున్నాయి. ఇటువైపంతా ఆరి బీటలువారిన బురద, మోడులు, అక్కడక్కడ పునాది రాళ్ళు. ఆటోలు దిగి ఆడవాళ్ళు పసుపు గిన్నెలు పట్టుకుని నడిచారు. వాళ్ళ నడక చూసి నాకు మొదట అర్థం కాలేదు. ఎదురుగా గద్దె కనిపిస్తూనే ఉంది, ఖాళీ నేల. అయినా వాళ్ళు తిన్నగా వెళ్ళడం లేదు. కొంతదూరం వెళ్ళి కుడికి తిరుగుతున్నారు, మళ్ళీ ఎడమకి. ఒకచోట అందరూ కొంచెం పక్కకి ఒదిగి నడిచారు. నేను దగ్గరదారిని అడ్డంగా వెళ్ళబోతే ఒక ముసలామె ఆపింది. “అటెల్లకు బాబూ, అది మా పక్కింటోల వొంటిల్లు,” అంది.

ఆ తర్వాత వాళ్ళ వెనకే, వాళ్ళు తిరిగినచోటల్లా తిరుగుతూ నడిచాను. లేని వీధుల్లో అలా నడవడం కలలో నడిచినట్టుంది. ఎండ కూడా తెలియలేదు.

గద్దెకి పసుపు రాయడం అయ్యాక ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆ రెండు మార్కులు వేసింది నేనేనమ్మా అని చెప్పాను. ఎన్నో ఏళ్ళుగా నోట్లో నానుతున్న మాట. ఉత్తరం సంగతి, జాబితా మూసేసిన సంగతి, నా మిత్రుడు చెప్పిన దగ్గరదారి, అన్నీ చెప్పాను. క్షమించమన్నాను.

ఆవిడ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. తన జవాబుపత్రం నకలు. పాసయ్యాక అప్పుడే డబ్బు కట్టి తెప్పించుకుందట.

“నాకు తెలుసు సార్. క్లాసులో మీరు మా నోటుబుక్కుల్లో దిద్దీవోరు గదా, ఆ ‘వ’ మీరు ఎలగ రాస్తారో నాకు తెలీదేటి?” కాగితం నా ఒళ్ళో పెట్టింది. “తప్పు దిద్దినప్పుడు పొట్టి సంతకం పెట్టాలని మీరే సెప్పినారు. పెట్టండి.”

మార్జిన్లో నా మాట అలాగే ఉంది. కొత్తగా చదివినవాళ్ళు మార్కులు వేరే కాగితం మీద వేశారు గానీ దాన్నెవరూ కొట్టెయ్యలేదు. ఎర్రపెన్ను నా జేబులో ఇంకా ఉంటోంది, అలవాటు. ‘ప్రశ్నకు వర్తించదు’ మీద గీత గీసి పక్కన పొట్టి సంతకం పెట్టాను.

ఆవిడ కవర్లోంచి ఇంకొక కాగితం తీసింది. బాగా పాతది, మడతల దగ్గర చిరిగింది. వాళ్ళ మామ్మ ట్రంకుపెట్టెలో దాచుకుని పోయిన సర్వే జాబితా. ఇల్లు, నుయ్యి, పాక, చెట్లు. అడుగున అమ్మవారి రాయి, దాని ఎదురుగా ఆ మాట.

“ఇది కూడా,” అంది.

అది దిద్దే సంతకం నాది కాదమ్మా అన్నాను.

“అయితే ఎవులిది సార్?”

ఇరవై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర మేం పడ్డ గొడవ అదే. ఆవిడ నా చేతిలోంచి పెన్ను తీసుకుంది. కాగితాన్ని గద్దె మీద పరిచి, ఎగిరిపోకుండా పసుపు గిన్నె పెట్టి, ఆ మాట మీద తిన్నగా గీత గీసింది. సంతకం పక్కనా కిందా అని అడిగింది. పక్కన, పొట్టి సంతకం చాలన్నాను. ఆవిడ నా మాట వినలేదు. ఇంటిపేరుతో మొదలుపెట్టి పూర్తిపేరు రాసింది. దాని కింద ఊరి పేరు రాసింది.